పుస్తకం మూసి చెప్పు

మా మనవరాలు పోయిన సెమిస్టరులో ఒక పేపరు తప్పింది. వాళ్ళ మాటల్లో ‘బ్యాక్ వచ్చింది’. రిజల్టు ఫోన్లో చూసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్న పిల్ల రాత్రి అన్నానికి కూడా లేవలేదు. మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో నా పక్కన కూర్చుని ఒక్క మాట అంది.

“తాతా, హాల్లో పేపరు చూడగానే అన్నీ తెలిసినవే అనిపించాయి. రాయబోతే ఒక్కటీ రాలేదు.”

ఆ మాట వారం రోజులు నన్ను వదల్లేదు. పిల్ల బద్ధకస్తురాలేమీ కాదు. పరీక్ష ముందు రాత్రి నేను నీళ్ళకు లేచినప్పుడల్లా తన గదిలో లైటు వెలుగుతూనే ఉంది. సిలబస్ మొత్తం ఒకే ఊపులో చెప్పేసే ఆరు గంటల వీడియోను రెట్టింపు వేగంతో మూడు గంటల్లో చూసింది. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన నోట్సు నూట నలభై పేజీలు తిరగేసింది. తిరగేసినంత మేరా పసుపు, గులాబీ, ఆకుపచ్చ గీతలు. ఇంత కష్టపడ్డ పిల్లకు హాల్లో చెయ్యి ఆడలేదంటే తప్పు పిల్లది కాదు, ఆ చదివిన తీరుది. నా కోపమంతా ఆ తీరు మీదే.

మా రోజుల్లో చదవడమంటే అప్పజెప్పడం. ఈ మాటే ఇప్పటి ఇళ్ళల్లో వినపడడం మానేసింది. సాయంత్రం అయ్యవారో, నాన్నో, పక్కింటి పెద్దాయనో “చదివావా?” అని అడిగేవాళ్ళు కాదు. “వచ్చిందా? అయితే అప్పజెప్పు” అనేవాళ్ళు. తెలుగులో చదువు వస్తుంది, పద్యం వస్తుంది, ఎక్కం వస్తుంది. చదవడం ఒకటి, రావడం ఇంకొకటి అని మన భాషకు ముందే తెలుసు. వచ్చిందో లేదో తేలాలంటే పుస్తకం ఎదుటివాళ్ళ చేతికిచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, ఉన్నదంతా నోటితో తిరిగి అప్పగించాలి. అప్పు తీర్చినట్టే. తీర్చేదాకా పుస్తకం మనది కాదు.

మాది హిందూపురం పక్కన, లేపాక్షి దారిలో చిన్న ఊరు. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. నేను హైస్కూలుకి వచ్చేసరికి నా పాఠం అప్పజెప్పించుకోగల చదువు ఇంట్లో పెద్దవాళ్ళెవరికీ లేదు. అయినా అమ్మ వదల్లేదు. పొయ్యి మీద సంగటి కెలుకుతూ, రెండో చేత్తో నా సోషల్ పుస్తకం పట్టుకుని, “ఊఁ, చెప్పు” అనేది. ఒక్కోసారి పుస్తకం తలకిందులుగా ఉండేది. నేను మొదలుపెట్టేవాణ్ణి. ఎక్కడైనా గొంతు సన్నగిల్లినా, ఒక మాట దగ్గర ఊపిరి ఎక్కువసేపు ఆగినా, చెప్పిన మాటే మళ్ళీ చెప్పినా, “ఆడ రాలేదు నీకు. పోయి సదువుకోనిరా” అని పుస్తకం చేతిలో పెట్టేది. ఒక్కసారి కూడా ఆమె లెక్క తప్పలేదు. పాఠం ఆమెకు తెలియదు, పాఠం వచ్చినవాడి గొంతు ఎలా ఉంటుందో తెలుసు. ఆ తర్వాత నాకు చదువు చెప్పినవాళ్ళలో పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. పరీక్షకు తయారవడం నేర్పింది మాత్రం ఆమె.

1970లో బీయస్సీకని బెంగళూరు వచ్చాను. అప్పుడు హిందూపురం నుంచి మీటర్ గేజ్ పాసింజరు. గౌరీబిదనూరు, దొడ్డబళ్ళాపురం దాటి, యలహంక వచ్చేసరికి చలి మొదలయ్యేది. చామరాజపేటలో ఒక వఠారంలో గది దొరికింది. వఠారం అంటే నడుమ వాకిలి, చుట్టూ వరసగా ఒంటి గదుల ఇళ్ళు, అందరికీ కలిపి ఒకటే కొళాయి. గదిలో నేనూ, పెనుకొండ నుంచి వచ్చిన ఇంకొకతనూ. మా సబ్జెక్టులు ఒకటే, ఫిజిక్సు, కెమిస్ట్రీ, మ్యాథ్సు. ఇంటి ఓనరమ్మను అందరూ అజ్జి అనేవాళ్ళు. కరెంటు బిల్లు ఆమే కట్టేది కాబట్టి రాత్రి సరిగ్గా పదింటికి వరండాలోకి వచ్చి, “లైట్ ఆఫ్ మాడ్రప్పా” అని ఒక కేక వేసి, రెండు నిమిషాలాగి మెయిన్ స్విచ్చి దించేసేది. శివసముద్రం కరెంటుతో 1905లోనే వీధి దీపాలు వెలిగించుకున్న నగరమిది. మా గదిలో మాత్రం పది దాటితే కటిక చీకటి.

మొదటి నెల ఇద్దరం ఆమెను తిట్టుకున్నాం. కొవ్వొత్తులు కొన్నాం, డబ్బు చాల్లేదు. ఆ తర్వాత ఒక రాత్రి, చాపల మీద పడుకుని ఉండగా, పెనుకొండ అతను చీకట్లోంచి అడిగాడు: “ఈ పొద్దు ఏం చదివినావు? చెప్పు.” నేను న్యూటన్ రింగ్సు చెప్పాను, గాజు పలక మీద కటకం పెడితే కనపడే వెలుగు చీకట్ల వలయాలు. బ్రిజ్‌లాల్, సుబ్రహ్మణ్యం రాసిన ఆప్టిక్సు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, పటం గాలిలో వేలితో గీస్తూ, ఫార్ములా చివరిదాకా. అంతా విన్నాడు. “సరే, నడిమధ్యలో చుక్క నల్లగా ఎందుకుంటుంది?” అన్నాడు. నేను ఆగిపోయాను. పుస్తకం తలగడ పక్కనే ఉంది, తీసినా చీకట్లో కనపడదు. అతనికీ తెలియదు. ఇద్దరం చాలాసేపు మాట్లాడకుండా పడుకున్నాం. నడుమ గాజూ గాజూ తాకే చోట దూరం సున్నా కదా, రెండు కిరణాలూ కలిసే రావాలి, వెలుగు రావాలి, నలుపెలా వచ్చింది? పొద్దున ఐదింటికి వరండాలో అజ్జి దీపం పెట్టగానే ఆ వెలుగులో పేజీ తీశాను. పైగాజు మీంచి తిరిగొచ్చిన కిరణానికీ, కిందిగాజు మీంచి తిరిగొచ్చిన కిరణానికీ ఒక భేదం ఉంది. సాంద్రత ఎక్కువున్న దాన్ని తాకి వెనక్కొచ్చిన కిరణం అర తరంగం తేడాతో వస్తుంది. అందుకే రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఆ మాట అంతకుముందు నేను నాలుగుసార్లు చదివి ఉంటాను. నాలుగుసార్లూ కంటికి కనపడింది, తలకెక్కలేదు. చీకట్లో అది లేక ఇబ్బంది పడ్డ రాత్రి తర్వాత మాత్రం ఈ రోజుకీ మర్చిపోలేదు.

మూడేళ్ళూ మా చదువంతా ఆ చీకట్లోనే జరిగింది. పగలు చదివేది రాత్రి అప్పజెప్పడానికే. వంతులు వేసుకున్నాం. ఒక రాత్రి నేను చెప్పాలి, ఒక రాత్రి అతను. అతనికో నియమం ఉండేది. ఏది చెప్పినా ‘ఎందుకు’ అని మూడుసార్లు అడగాలి. మొదటి ‘ఎందుకు’కి జవాబు పుస్తకంలో దొరుకుతుంది, రెండోదానికి మన బుర్రలో వెతుక్కోవాలి, మూడోదానికి మర్నాడు లెక్చరర్ దగ్గరికి పోవాలి. ఈ మధ్య ఎవరితోనైనా అప్పజెప్పడం గురించి మాట్లాడితే, “అది బట్టీ చదువు కదండీ, ఇప్పుడు కాన్సెప్టు ముఖ్యం” అంటున్నారు. బట్టీ పట్టినవాడు మొదటి ‘ఎందుకు’ దగ్గరే కూలిపోతాడు. మా గదిలో ఒక్క వారం ఉంటే బట్టీగాడెవడో, అర్థం చేసుకున్నవాడెవడో తేలిపోయేది. కాన్సెప్టు ముఖ్యం అనేవాళ్ళు ఆ కాన్సెప్టు పిల్లకు వచ్చిందో లేదో ఏ గిద్దతో కొలుస్తున్నారో నాకు చెప్పాలి. వీడియో చివర బొటనవేలు గుర్తు నొక్కడమా కొలత?

పరీక్షలు దగ్గర పడితే లాల్‌బాగుకి వెళ్ళేవాళ్ళం. అప్పట్లో తెల్లవారుజామున లాల్‌బాగు రాతిగుట్ట మీదికి, కెంపేగౌడ గోపురం దగ్గరికి వెళ్తే తుమ్మెదల రొద వినపడేది. ఆ రొదంతా పిల్లల గొంతులే. చేతిలో పుస్తకం వేలు పెట్టి మూసుకుని, అటూ ఇటూ నడుస్తూ, పెదాలు కదుపుతూ, ఒకడు కెమిస్ట్రీ, ఒకడు కామర్సు, ఒకడు కన్నడ వ్యాకరణం. ఏ రెండు గొంతులూ కలిసేవి కావు, ఎవరికీ ఎవరూ అడ్డం కారు. మూడు వందల కోట్ల ఏళ్ళ నాటి రాయి అంటారు దాన్ని. ఎన్ని వేల మంది పిల్లల పాఠాలు విందో ఆ రాయి! ఇప్పటికీ నేను వారానికోసారి వెళ్తాను. నడిచేవాళ్ళున్నారు, పరిగెత్తేవాళ్ళున్నారు, ఫోటోలు దిగేవాళ్ళున్నారు. పుస్తకంలో వేలు పెట్టుకుని పెదాలు కదిపే పిల్లను చూసి ఎన్నేళ్ళయిందో.

మధ్యాహ్నాలు కబ్బన్ పార్కులోని ఎర్ర బంగళా, శేషాద్రి అయ్యర్ పేర 1915లో కట్టిన హాలు, స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. అక్కడ మాట్లాడకూడదు, నిజమే. అందుకే గంట చదివి బయటికొచ్చి, చెట్టు కింద బెంచీ మీద అరగంట చెప్పుకుని, మళ్ళీ లోపలికి పోయేవాళ్ళం. అవెన్యూ రోడ్డు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలతో పాటు పాత క్వశ్చన్ పేపర్ల కట్టలు దొరికేవి. ఐదేళ్ళవి కొని, ఎదురుగా అలారం గడియారం పెట్టుకుని, మూడు గంటలూ కదలకుండా రాసేవాళ్ళం. రాసింది మార్చుకుని దిద్దుకునేవాళ్ళం. దిద్దేటప్పుడు పెనుకొండ అతనికి జాలి ఉండేది కాదు. ఆ దిద్దడం అయ్యాక చామరాజపేటలో ఒక కాఫీని బై టూ చేసి తాగడం, అది వేరే కథ.

ఇప్పుడు విజయనగర్, చంద్రా లేఅవుట్ వైపు వెళ్తే నెలకింత అని డబ్బు తీసుకుని కుర్చీ అద్దెకిచ్చే రీడింగు హాళ్ళు వీధికొకటి కనపడుతున్నాయి. మా ఎదురింటి అబ్బాయి ఏదో పోటీ పరీక్షకని ఒకదాంట్లో చేరాడు, ఒకసారి వాడితో వెళ్ళి చూశాను. ఏసీ ఉంది, వైఫై ఉంది, తలా ఒక చెక్క గూడు, గూటికో దీపం, చార్జింగు పెట్టుకునే ప్లగ్గు. గోడ మీద పెద్ద అక్షరాలతో ‘మాట్లాడరాదు’. నలభై మంది పిల్లలు నలభై గూళ్ళలో తల వంచుకుని ఉన్నారు. ఒక్క పెదవి కదలడం లేదు. వాళ్ళు కష్టపడడం లేదని నేననను, పొద్దున ఏడింటికి వచ్చి రాత్రి పదికి పోతున్నారు. ఆ పదిహేను గంటల్లో ఒక్కసారైనా ఎవరైనా వాళ్ళ చేతిలోంచి పుస్తకం లాక్కుని “చెప్పు” అంటున్నారా? బయట మెట్ల దగ్గర టీ తాగుతున్నప్పుడైనా? అక్కడ కూడా ఎవరి ఫోను వాళ్ళదే.

నా మాట చాదస్తం అనుకునేవాళ్ళకు ఒక లెక్క చెబుతాను. అమెరికాలో సెయింట్ లూయీ నగరంలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ పిల్లలకు రెండు చిన్న వ్యాసాలిచ్చారు. ఒకటి సూర్యుడి గురించి, ఒకటి సముద్రపు నీటికుక్కల గురించి. ఒకదాన్ని మళ్ళీ చదవమన్నారు, రెండోదాన్ని పక్కన పెట్టేసి గుర్తున్నదంతా కాగితం మీద రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివిన వ్యాసమే బాగా గుర్తుంది, నూటికి 81 పాళ్ళు. చూడకుండా రాసిన వ్యాసం 75. వారం ఆగి పెడితే లెక్క తిరగబడింది. మళ్ళీ చదివింది 42కి దిగిపోయింది, చూడకుండా రాసింది 56 దగ్గర నిలిచింది.

మా మనవరాలి కష్టమంతా ఆ మొదటి ఐదు నిమిషాల్లో ఉంది. తెల్లవారుజామున మూడింటికి నోట్సు మూసేటప్పుడు తనకు అంతా వచ్చినట్టే ఉంది. అబద్ధం కాదు, ఆ క్షణానికి నిజమే. మళ్ళీ మళ్ళీ చూసిన ముఖం తెలిసిన ముఖంలా అనిపిస్తుంది, పేరు అడిగితే నోటికి రాదు. పేపరు చూడగానే ‘అన్నీ తెలిసినవే’ అన్నది ఆ ముఖపరిచయమే. పరీక్షకు కావలసింది పేరు.

రంగు గీతల సంగతి కూడా తేలిపోయింది. డన్‌లోస్కీ అనే ఆయనా, ఆయన తోటివాళ్ళూ 2013లో పది రకాల చదువు పద్ధతులను తీసుకుని, వాటి మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ తూచి చూశారు. గీతలు గీయడం, తిరిగి చదవడం అడుగున తేలాయి. తనను తాను ప్రశ్నించుకోవడం, ఒకేసారి కాకుండా రోజుల ఎడంతో చదవడం, ఈ రెండూ పైన నిలిచాయి. ఇది చదివినప్పుడు నాకు అజ్జి మెయిన్ స్విచ్చి గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. మమ్మల్ని పది తర్వాత చదవనివ్వకపోవడం వల్లే మేం బాగుపడ్డాం. రోజూ కొంచెం చదివి, చీకట్లో చెప్పుకుని, నిద్రపోయి, పొద్దున లేచి రానిది చూసుకోవడం తప్ప ఆమె మాకు వేరే దారి ఉంచలేదు.

తెలుగువాళ్ళకు ఇది కొత్త కూడా కాదు. అష్టావధానం చూసినవాళ్ళకు తెలుస్తుంది. అవధాని ప్రశ్న అడిగిన ఒక పృచ్ఛకుడికి పద్యం మొత్తం ఒకేసారి చెప్పేయడు. ఒక పాదం చెప్పి రెండో పృచ్ఛకుడి దగ్గరికి పోతాడు, అక్కణ్ణుంచి మూడో ఆయన దగ్గరికి. నడుమ ఒకాయన గంట కొడుతుంటాడు, ఇంకొకాయన అప్రస్తుత ప్రసంగం చేసి మనసు చెదరగొడుతుంటాడు. ఒక చుట్టు తిరిగి వచ్చి, వదిలిన పాదం పట్టుకుని రెండో పాదం అల్లుతాడు. చివర్లో ధారణ. కాగితం లేదు, పుస్తకం లేదు, అన్ని పద్యాలూ వరసగా అప్పజెప్పాలి. ఆ ధారణ లేకపోతే అవధానం పూర్తయినట్టు కాదు. మన పెద్దలు విద్యను కొలిచిన గిద్ద అది. ప్రతి పిల్లకూ ఒక పృచ్ఛకుడు కావాలి. లక్షలు పోసి ఫీజులు కడుతున్న తల్లిదండ్రులు, ల్యాప్‌టాప్ కొనిస్తున్నవాళ్ళు, ఆ ఒక్క పృచ్ఛకుణ్ణి మాత్రం ఇవ్వడం లేదు.

విశ్వేశ్వరయ్యగారి గురించి చెప్పేటప్పుడు అందరూ వీధి దీపం కింద చదివాడనే చెబుతారు. వాళ్ళ పూర్వీకులది ఆంధ్రలోని మోక్షగుండం, ఆయన పుట్టింది ముద్దెనహళ్ళిలో. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బీఏ పూర్తి చేశారు. దీపం సంగతి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా ఏం లాభం? ఇప్పుడు దీపాలకు కొదవ లేదు. నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. చదువుకునే రోజుల్లో ఆయన ఖర్చులకు పిల్లలకు ట్యూషన్లు చెప్పేవాడు. ఎదుటి పిల్లాడికి లెక్క విప్పి చెప్పాలంటే ఆ లెక్క తనకు ఎంత తేటగా రావాలి! రోజూ ఆ పని చేసినవాడికి సొంత చదువు ఇంకెంత గట్టిపడి ఉంటుంది! ఆయన చదువులో నేను పిల్లలకు చూపించాలనుకునేది ఆ ట్యూషన్లే.

బసవనగుడి నేషనల్ కాలేజీ హెచ్. నరసింహయ్యగారిని మా తరంవాళ్ళం కళ్ళారా చూశాం. ఖద్దరు పంచె, గాంధీ టోపీ. చదువు కోసం గౌరీబిదనూరు వైపు నుంచి బెంగళూరుకి కాలినడకన వచ్చిన మనిషి. అమెరికా వెళ్ళి ఫిజిక్సులో డాక్టరేటు తెచ్చుకుని, ఆ కాలేజీ హాస్టల్లోనే ఒక గదిలో దశాబ్దాల తరబడి బతికారు. 1962లో ఆయన మొదలుపెట్టిన బెంగళూరు సైన్స్ ఫోరం ఉపన్యాసాలకు మేం నడిచి వెళ్ళేవాళ్ళం. ప్రశ్న అడగకుండా దేన్నీ ఒప్పుకోవద్దనేది ఆయన బతుకంతా చెప్పిన మాట. ఆ ఉపన్యాసాల నుంచి తిరిగొచ్చే దారిలోనే పెనుకొండ అతని ‘ఎందుకు’లు మూడయ్యాయి. అంతకుముందు ఒకటే ఉండేది.

మా రోజులన్నీ మంచివని నేననడం లేదు. అనలేను, మా అక్క ఉంది కాబట్టి. ఊళ్ళో అమ్మకు పని ఎక్కువున్న సాయంత్రాల్లో నా పుస్తకం పట్టుకునేది అక్కే. నా పాఠాలన్నీ వినీ వినీ నాకన్నా ముందు ఆమెకే వచ్చేసేవి. నేను తడబడితే పుస్తకం చూడకుండా అందించేది. ఎనిమిదో తరగతితో ఆమెను మాన్పించారు. బెంగళూరు రైలు నేనెక్కాను, స్టేషనుకి మూట మోసుకొచ్చింది ఆమె. ఈ రోజు మా మనవరాలికి సొంత గది ఉంది, కాలేజీ ఉంది, ఫలానా పిల్ల చదవకూడదనే మాట మా ఇంట్లో ఎవరూ అనరు. ఇది మా రోజులకన్నా వెయ్యి రెట్లు మేలు. అందుకే నాకింత బాధ. మా అక్కకు దొరకని అవకాశం ఈ పిల్లకు దొరికి, అక్కకు తెలిసిన చిన్న ఉపాయం తెలియక పేపరు తప్పడమా?

కాలేజీలను కూడా అనాలి. సగం మార్కులు ఇంటర్నల్సుకి పోయాయి, మిగిలిన సగానికి ఐదు మాడ్యూళ్ళు, మాడ్యూలుకి రెండు ప్రశ్నల్లో ఒకటి రాస్తే చాలు. ఏది వదిలేయాలో లెక్క వేసుకోవడంలోనే పిల్లల తెలివంతా అయిపోతోంది. పరీక్ష వారం ముందు ‘పాస్ ప్యాకేజీ’ అని ఒక పట్టిక గ్రూపుల్లో తిరుగుతుంది. దాంట్లో ఉన్నవే చదువుతారు, అవే వస్తాయని నమ్ముతారు. ఈ రెండు మూడేళ్ళుగా ఇంకొకటి వచ్చింది. పాఠం మొత్తం ఏఐ పది వాక్యాల్లో కుదించి ఇస్తుందట. కుదించే పని పిల్ల బుర్ర చేయాలి కదా! చెరుకు మనం నమిలితేనే పళ్ళకు బలం. అది తప్పు యంత్రమని నేననడం లేదు, పాఠమిచ్చి ‘నన్ను ప్రశ్నలడుగు’ అంటే అడుగుతుందట కూడా. అలా అడిగించుకునే పిల్లను నేనింకా చూడలేదు.

పోయిన నెలలో ఒక సాయంత్రం మనవరాలిని పిలిచాను. మళ్ళీ రాయాల్సిన పేపరు ఆపరేటింగ్ సిస్టమ్స్. నాకు ఓనమాలు తెలియని సబ్జెక్టు. “నీ నోట్సు నా చేతికియ్యి. ఫోను లోపల పెట్టి రా. చదివింది నాకు చెప్పు” అన్నాను.

“మీకు అర్థం కాదు కదా తాతా.”

“మా అమ్మకు అక్షరాలే రావు. నువ్వు చెప్పు.”

బాల్కనీ గోడకు ఆనుకుని నిలబడింది. డెడ్‌లాక్ అనే పాఠం. రెండు వాక్యాలు గడగడా వచ్చాయి, ఇంగ్లీషులో, పుస్తకంలో ఉన్నట్టే. నేను “ఎందుకు?” అన్నాను. తడబడింది. ఒక ప్రోగ్రాము చేతిలో ఒక వస్తువుంటుంది, దానికి ఇంకో వస్తువు కావాలి, అది వేరే ప్రోగ్రాము చేతిలో ఉంది, తన చేతిలోది ఎవరూ వదలరు అని తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. “ఎందుకు వదలరు?” అన్నాను. చిరాకు పడింది. కాసేపు రోడ్డు వైపు చూసింది. తర్వాత ఉన్నట్టుండి ఇటు తిరిగింది.

“తాతా, సిల్క్‌బోర్డు జంక్షను! సిగ్నలు పోయినప్పుడు నాలుగు వైపుల నుంచీ బండ్లు మధ్యలోకి వచ్చేస్తాయి చూడండి. ఒక్కో బండి ఒక్కో ముక్క రోడ్డు పట్టుకుని నిలబడిపోతుంది. దానికి ముందున్న ముక్క కావాలి, అక్కడ ఇంకో బండి ఉంది. ఎవరూ వెనక్కి పోరు. డెడ్‌లాక్ అంటే అదే.”

ఇది నోట్సులో లేదు. పేజీ అంతా వెతికి చూశాను.

“సరే, అది రావాలంటే ఏమేం కుదరాలి?”

“నాలుగు. నాలుగూ ఒకేసారి ఉండాలి.” వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. “మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్. ఒక ముక్క రోడ్డు మీద ఒక బండే నిలబడగలదు. హోల్డ్ అండ్ వెయిట్. ఉన్నది పట్టుకునే ఇంకోదాని కోసం ఆగడం. నో ప్రియెంప్షన్. ఎవరి చోటూ ఎవరూ లాక్కోలేరు…” నాలుగో వేలు మడిచి ఆగిపోయింది. గొంతులో అమ్మ చెప్పిన ఆ సన్నగిల్లడం వినపడింది.

“నాలుగోది నిన్న రాత్రే చూశాను తాతా. పేజీ కింద, ఆకుపచ్చ రంగు వేశాను. ఒక్కసారి చూపించండి.”

వంటింట్లో కుక్కరు మూడో కూత వేసింది. కింద వీధిలో ఆటో ఒకటి ఎదురుగా వచ్చిన కారుకి దారివ్వక హారన్ కొడుతోంది, దాని వెనక ఇంకోటి. పిల్ల కళ్ళు మూసుకుని, చేత్తో గాలిలో ఒక బండి, దాని పక్కన ఇంకో బండి, దాని పక్కన ఇంకోటి పెట్టుకుంటూ పోతోంది. చెయ్యి చుట్టూ తిరిగి మొదటి బండి దగ్గరికొస్తోంది.

నేను నోటుబుక్కు మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.